భర్త సంతకం, సవతి బిడ్డ వయస్సు

వలసల చరిత్ర వ్రాసేవారు సాధారణంగా రేవుల్ని గురించి వ్రాస్తారు. ఎవరిని దిగనిచ్చారు, ఎవరిని వచ్చిన ఓడలోనే వెనక్కు పంపారు, ఏ సంవత్సరంలో ఏ జాతికి ఎంత కోటా కేటాయించారు – ఇవే ఆ చరిత్రలోని అధ్యాయాలు. ఇవన్నీ తెలుసుకోవలసినవే. కాని మనిషి రేవు దాటటంతో కథ ముగిసిందనుకోవటం సరికాదు. ముఖ్యంగా ఒక దేశపు పౌరుణ్ణి పెళ్ళాడి వచ్చిన పరదేశపు స్త్రీ విషయంలోనూ, ఆమె చెయ్యి పట్టుకొని వచ్చిన మొదటి పెళ్ళి బిడ్డ విషయంలోనూ అసలు కథ దిగిన తర్వాతనే ప్రారంభమవుతుంది. రేవులో అధికారి అడిగిన నాలుగు ప్రశ్నలు నాలుగు నిమిషాల్లో అయిపోతాయి. తర్వాత వచ్చే కాగితాలు ఏళ్ళతరబడి ఆ యింటిలో, వంటగది బల్లమీద, మంచంకింది పెట్టెలో కాపురముంటాయి.

ఈ కాగితాల చరిత్ర పరిశీలించటానికి అమెరికా సంయుక్త రాష్ట్రాలను తీసుకుందాం. ఇందుకు రెండు కారణాలున్నాయి. అక్కడి చట్టమూ, కోర్టు తీర్పులూ అచ్చులో వుండటంచేత ఏ మార్పు ఎప్పుడు వచ్చిందో స్పష్టంగా చూపవచ్చు. రెండవది, తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో వెళ్ళి స్థిరపడిన దేశం అది. చూడబోయే విషయం ఒక్కటే. భార్య భర్తకు నీడ అన్న పాత సూత్రాన్ని ఆ దేశం పౌరసత్వ చట్టంలోనుంచి 1931 నాటికి తొలగించింది. తొలగించినది నిజమే గాని ఆ సూత్రం చచ్చిపోలేదు; చట్టం పుటలోనుంచి లేచివెళ్ళి దరఖాస్తు ఫారంలో భర్త సంతకం చేసే గీతమీద కూర్చున్నది. ఆ గీత పొడుగు ఎంతో తెలియాలంటే భార్యను చూస్తే చాలదు, సవతి బిడ్డను చూడాలి.

మొదట పాత సూత్రం. 1855 నాటి చట్టం ప్రకారం అమెరికా పౌరుణ్ణి పెళ్ళాడిన పరదేశపు స్త్రీ, ఆ పెళ్ళితోనే పౌరురాలయ్యేది. దరఖాస్తు లేదు, పరీక్ష లేదు, ప్రమాణం లేదు. ఉదారంగా కనిపిస్తుంది గాని, ఇందులో రెండు మెలికలున్నాయి. ఆమె స్వయంగా పౌరసత్వానికి అర్హురాలై వుండాలని షరతు. అంటే ఆనాటి లెక్కలో తెల్లజాతిదై వుండాలి. రెండవ మెలిక, ఆమె యిష్టాయిష్టాలతో నిమిత్తం లేకపోవటం. పెళ్ళితో స్త్రీ ఆస్తి భర్తదవుతుందన్న యింగ్లీషు న్యాయశాస్త్రపు వరసలోనే, ఆమె దేశం కూడా భర్తదవుతుందన్నారు. ఇచ్చేటప్పుడు దయగా కనిపించిన ఈ తర్కం 1907లో తన రెండవ ముఖం చూపింది. ఆ సంవత్సరపు చట్టంతో, పరదేశీయుణ్ణి పెళ్ళాడిన అమెరికా స్త్రీ తన పౌరసత్వాన్ని పోగొట్టుకున్నది. పుట్టిన ఊళ్ళోనే, పుట్టిన యింటిలోనే వుంటూ ఆమె పరదేశి అయిపోయింది.

ఎథెల్ మెకెంజీ అనే కాలిఫోర్నియా స్త్రీ దీనిని కోర్టుకు తీసుకువెళ్ళింది. ఆమె 1909లో ఒక స్కాట్లండు గాయకుణ్ణి పెళ్ళాడింది. 1911లో కాలిఫోర్నియా స్త్రీలకు వోటుహక్కు వచ్చింది. ఆమె వోటరుగా నమోదు చేయించుకోబోతే, నీవు బ్రిటిషు ప్రజవు పొమ్మన్నారు. 1915లో సుప్రీంకోర్టు కూడా అదే మాట అన్నది. పెళ్ళి ఆమె యిష్టపడే చేసుకున్నది, ఫలితం ఏమిటో చట్టంలో వున్నది, కాబట్టి పౌరసత్వాన్ని కూడా యిష్టపడే వదులుకున్నట్టు! న్యాయమూర్తుల తర్కానికి వుండే నునుపు చూడండి. వోటుహక్కు కోసం పోరాడిన స్త్రీలకు ఈ తీర్పు ఒక పాఠమయింది. 1920లో దేశమంతటా వోటు వచ్చాక, రెండేళ్ళలోనే, 1922 సెప్టెంబరులో కేబుల్ చట్టాన్ని సాధించారు. దానితో భార్య పౌరసత్వం భర్త పౌరసత్వంనుంచి విడిపోయింది. పరదేశపు భార్యకు పెళ్ళితో వచ్చే పౌరసత్వం పోయి, ఆమె వేరుగా దరఖాస్తు పెట్టుకోవలసి వచ్చింది. పరదేశపు భార్య కాగితాల చరిత్రకు తొలిరోజు ఇదే అనవచ్చు. స్వతంత్ర వ్యక్తిగా గుర్తింపూ, దరఖాస్తు ఫారమూ ఒకేరోజున వచ్చాయి.

కాని కేబుల్ చట్టం ఒక సందు మూసి ఒక సందు తెరిచి వుంచింది. "పౌరసత్వానికి అర్హత లేని" పరదేశిని పెళ్ళాడిన అమెరికా స్త్రీకి మాత్రం పౌరసత్వం పోతూనే వున్నది. ఈ అర్హతలేనివారెవరు? ఆసియావారు. 1923లో భగత్ సింగ్ థింద్ వాజ్యంలో హిందూదేశస్థులు "తెల్లవారు" కారని సుప్రీంకోర్టు తేల్చటంతో మనవాళ్ళు కూడా ఆ జాబితాలో చేరారు. దర్శి చెంచయ్యగారి స్వీయచరిత్ర చదివినవారికి కాలిఫోర్నియాలోని గదర్ ఉద్యమపు రోజులు కొంత పరిచయమే. ఆ తరంవాడే వంగదేశపు తారకనాథ్ దాస్. 1914లోనే ఆయన అమెరికా పౌరుడయ్యాడు. ఆయన్ను పెళ్ళాడిన మేరీ కీటింగ్ అమెరికాలో పుట్టిన స్త్రీ. థింద్ తీర్పు దరిమిలా దాస్ అర్హతలేని జాతివాడని లెక్కగట్టి ఆమె పౌరసత్వాన్ని తీసివేశారు, పాస్‌పోర్టు నిరాకరించారు. ఆమె 1926లో "నేషన్" పత్రికలో దేశంలేని స్త్రీని గురించి వ్రాసిన వ్యాసం తన గురించి వ్రాసుకున్నదే. ఈ చివరి నిబంధన 1931లో రద్దయింది. పౌరసత్వ చట్టం వరకు భార్య, భర్త నీడలోనుంచి బయటపడింది.

అయితే పౌరసత్వం వేరు, ప్రవేశం వేరు. 1924 నాటి వలస చట్టం పౌరుల భార్యలకూ, 18 ఏళ్ళలోపు పిల్లలకూ కోటాతో పనిలేకుండా ప్రవేశమిచ్చింది. ఇచ్చి, పౌరసత్వానికి అర్హతలేని జాతులకు ప్రవేశమే లేదన్నది. అమెరికాలో పుట్టి పౌరులైన చైనా పురుషులు తమ భార్యల్ని తెచ్చుకోబోతే, 1925లో చాంగ్ చాన్ వాజ్యంలో సుప్రీంకోర్టు వీలులేదన్నది. అదేరోజున మరొక తీర్పులో, చైనా వర్తకుల భార్యల్ని మాత్రం రానివ్వవచ్చునన్నది. ఎందుకంటే వర్తకులకు వాణిజ్యపు ఒడంబడిక వున్నది. పౌరుడి పెళ్ళికి లేని విలువ సరుకు బేరానికి వున్నదన్నమాట. ఇంతకంటె స్పష్టంగా ఆ వర్గపు కోర్టు తన మనస్సు చెప్పుకున్న సందర్భాలు ఎక్కువ లేవు.

రెండవ ప్రపంచయుద్ధం ఈ గోడకు ఒక కన్నం వేసింది. సైన్యంలో వున్న పౌరులు ఇంగ్లండులో, ఫ్రాన్సులో, ఇటలీలో, జర్మనీలో పెళ్ళిళ్ళు చేసుకున్నారు. వారి భార్యల్నీ పిల్లల్నీ ఆపటం ఏ ప్రభుత్వానికైనా కష్టమే. 1945 డిసెంబరు 28న యుద్ధవధువుల చట్టం వచ్చింది. వీసా కాగితాలు సరిగా లేకపోయినా, శారీరక మానసిక లోపాలున్నవారిని నిషేధించే నిబంధనలు అడ్డువచ్చినా, సైనికుల భార్యల్నీ పిల్లల్నీ రానిచ్చారు. 1946 జనవరిలో సౌతాంప్టన్ రేవునుంచి బయలుదేరిన "అర్జెంటీనా" ఓడలో 452 మంది వధువులు, 173 మంది పిల్లలు, ఒకే ఒక్క వరుడు వున్నారు. ఆ జూన్‌లో మరొక చట్టం, పెళ్ళికాని కాబోయే వధువులకు మూడు నెలల గడువిచ్చింది. ఆ మూడు నెలల్లో పెళ్ళి చేసుకోవాలి, లేదా తిరిగిపోవాలి. ఈ మూడు నెలల ముచ్చట మళ్ళీ వస్తుంది.

పత్రికలు ఆ ఓడల ఫోటోలు వేసి మురిసిపోయాయి. అదే చట్టం కింద వచ్చిన ఎలెన్ నాఫ్ కథ వేరు. ఆమె జర్మనీలో పుట్టింది. మొదటి పెళ్ళితో చెకొస్లొవేకియా వెళ్ళింది. హిట్లరు దండు వచ్చాక 1939లో ఇంగ్లండుకు పారిపోయి, అక్కడ వైమానికదళంలో పనిచేసింది. యుద్ధం తర్వాత జర్మనీలో అమెరికా సైనికశాఖవారి కొలువులో చేరి, 1948లో కర్ట్ నాఫ్ అనే అమెరికా పౌరుణ్ణి, యుద్ధంలో పనిచేసినవాణ్ణి, రెండవ పెళ్ళి చేసుకున్నది. ఆ ఆగస్టులో న్యూయార్కు రేవుకు వచ్చింది. ఆమెను ఎల్లిస్ ద్వీపంలో ఆపివేశారు. కారణం చెప్పలేదు. నీ ప్రవేశం దేశానికి క్షేమం కాదన్నారు, సాక్ష్యమేమిటంటే రహస్యమన్నారు, విచారణ చెయ్యండంటే అక్కరలేదన్నారు. 1950 జనవరిలో సుప్రీంకోర్టు నలుగురు ముగ్గురుగా చీలి, ప్రభుత్వానిదే పైచెయ్యి అన్నది. బయటనుంచి వచ్చిన మనిషికి కాంగ్రెసు ఏ పద్ధతి నిర్ణయిస్తే అదే న్యాయమైన పద్ధతి అని ఆ తీర్పు సారాంశం. భర్త పౌరుడు కదా, అతని హక్కు మాటేమిటి అన్న ప్రశ్న అందులో దాదాపు వినిపించదు. భిన్నాభిప్రాయం వ్రాసినవారిలో న్యాయమూర్తి జాక్సన్ ఒకడు. ఆ మే నెలలో ఆమెను విమానం ఎక్కించబోయే సమయంలో ఆపు ఉత్తర్వు యిచ్చినది కూడా ఆయనే. పత్రికలు గొడవచేశాయి, కాంగ్రెసు సభ్యులు కల్పించుకున్నారు. చివరకు 1951లో విచారణ జరిపారు. వలస అప్పీళ్ళ బోర్డు ఆ రహస్య సాక్ష్యాన్ని వెలుగులో చూసి, అదంతా వినికిడి మాటలనీ ప్రత్యక్ష ఆధారం లేదనీ తేల్చింది. ఆ నవంబరులో ఆమె దేశంలో అడుగుపెట్టింది. మూడేళ్ళ పైచిలుకు పట్టింది. మక్కార్తీ యుగపు నీడ ఒక పెళ్ళిమీద ఎలా పడిందో ఆమె తర్వాత పుస్తకంగా వ్రాసింది.

ఎలెన్ నాఫ్ పెళ్ళి నిజమైనదా అని మాత్రం ఎవరూ అడగలేదు. ఆ ప్రశ్న 1953లో లట్వాక్ వాజ్యంలో వచ్చింది. పారిస్‌లో వున్న ముగ్గురు పోలండు శరణార్థులు, అమెరికా మాజీ సైనికుల్లో ఒక పురుషుణ్ణీ ఇద్దరు స్త్రీలనూ పెళ్ళిచేసుకొని యుద్ధవధువుల చట్టం కింద ప్రవేశించారు. ఆ జంటలు కాపురం చెయ్యలేదు, చెయ్యాలనీ అనుకోలేదు. ఫ్రెంచి చట్టం ప్రకారం పెళ్ళి చెల్లుతుందా లేదా అన్నది మాకు అనవసరం, కలిసి బ్రతకాలన్న వుద్దేశం వున్నదా అన్నదే ముఖ్యం అని కోర్టు అన్నది. ఆ ముగ్గురి పనిని నేను సమర్థించబోను. యూరపు శరణార్థి శిబిరాల నేపథ్యాన్ని మాత్రం మరచిపోలేను. ఇక్కడ గమనించవలసింది వేరే వున్నది. అంతవరకు రాజ్యం పెళ్ళి కాగితాన్ని చూసేది. ఇకనుంచి పెళ్ళి లోపలి వుద్దేశాన్ని చూస్తానన్నది. వుద్దేశం కంటికి కనిపించేది కాదు గనుక, దానికి మళ్ళీ కాగితాలే కావాలి. తర్వాతి డెబ్భయి ఏళ్ళ కాగితాల దొంతరకు పునాది అక్కడ పడింది.

ఇక సవతి బిడ్డ.

మన భాషలో ఒక విచిత్రం వున్నది. సవతి తల్లి అన్న మాట ప్రతి పల్లెలోనూ, ప్రతి కథలోనూ వున్నది. మారుతండ్రి అన్న మాట పుస్తకాల్లో కనిపిస్తుంది గాని నోళ్ళలో నలిగినట్టు తోచదు. భార్య వెంట వచ్చిన బిడ్డకైతే విడిగా పేరే లేదు, "ఆమె మొదటి మనువు బిడ్డ" అంటారు. శ్రమజీవుల కులాల్లో మారుమనువు ఎప్పుడూ వున్నది, కాబట్టి అటువంటి బిడ్డలూ ఎప్పుడూ వున్నారు. పేరు లేకపోవటానికి కారణం బిడ్డలు లేకపోవటం కాదు, బిడ్డ చచ్చిన తండ్రి యింటివాడే అన్న భావం బలంగా వుండటం. 1856 నాటి వితంతు పునర్వివాహ చట్టం కూడా ఈ భావాన్ని వదిలిపెట్టలేదు. వితంతువు మళ్ళీ పెళ్ళాడితే, మృతుడు వీలునామాలో ఎవరినీ సంరక్షకులుగా నియమించని పక్షంలో, బిడ్డలకు సంరక్షకుణ్ణి నియమించమని మృతుడి బంధువులు కోర్టును అడగవచ్చునని దాని మూడవ సెక్షను. ఆమెకు పెళ్ళి హక్కు యిచ్చిన చట్టమే, ఆమె బిడ్డమీద పగ్గం బంధువుల చేతికి అందేటట్టు వుంచింది. 1881 డిసెంబరు 11న వీరేశలింగంగారు రాజమహేంద్రవరంలో మొదటి వితంతు వివాహం జరిపించేనాటికి అమలులో వున్నది ఈ చట్టమే. స్వాతంత్ర్యం వచ్చాక 1956లో చేసిన హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం కూడా సహజ సంరక్షకుల ప్రస్తావనలో తండ్రి, తల్లి అన్న మాటలకు సవతి తండ్రి, సవతి తల్లి రారని ప్రత్యేకంగా వివరించింది.

దీనితో పోలిస్తే 1952 నాటి అమెరికా వలస చట్టం ఒక అడుగు ముందున్నదనే చెప్పాలి. మక్కారన్–వాల్టర్ చట్టమని దానికి పేరు. కమ్యూనిస్టుల్నీ అభ్యుదయవాదుల్నీ వెదికి వెళ్ళగొట్టటానికి వాడిన చట్టం అది, జాతి కోటాల్ని నిలబెట్టిన చట్టం అది. అధ్యక్షుడు ట్రూమన్ కాదన్నా కాంగ్రెసు నెగ్గించుకున్నది. అటువంటి చట్టంలోనే, పౌరుడి భార్యకూ పౌరురాలి భర్తకూ ఒకే నిబంధన అన్న సమానత్వం వచ్చింది. "బిడ్డ" అన్న మాటకిచ్చిన నిర్వచనంలో సవతి బిడ్డ కూడా చేరాడు. షరతు ఒక్కటే: ఆ పెళ్ళి జరిగేనాటికి బిడ్డకు 18 ఏళ్ళు నిండకూడదు. సవతి తండ్రి ఆ బిడ్డను పెంచాడా, ప్రేమించాడా, ఎప్పుడైనా చూశాడా అని చట్టం అడగదు. అధికారులు మాత్రం చాలాకాలం అడిగారు. 1980లో పామర్–రెడ్డి వాజ్యంలో తొమ్మిదవ సర్క్యూటు కోర్టు, చట్టంలో లేని షరతు మీరు పెట్టవద్దని చెప్పింది. మరుసటి ఏడు అప్పీళ్ళ బోర్డు ఆ మాటను దేశమంతటికీ ఒప్పుకున్నది.

ఇది మంచి తీర్పే. కాని ప్రేమను కొలవకుండా వుండాలంటే చట్టం తేదీని కొలవవలసి వచ్చింది. తేదీకి దయ వుండదు. ఈ మాట 1970 తర్వాత మరింత నిజమయింది. ఆ సంవత్సరం ఏప్రిల్‌లో, యుద్ధకాలపు మూడు నెలల గడువు పద్ధతిని మళ్ళీ తీసుకొని, కాబోయే వధూవరులకు "కె" వీసాను శాశ్వతంగా ఏర్పాటుచేశారు. పౌరుడు ముందుగా అర్జీ పెట్టాలి. వచ్చిన మనిషి 90 రోజుల్లో ఆ అర్జీదారునే పెళ్ళి చేసుకోవాలి. ఆమె బిడ్డ కూడా ఆ వెంటనే వేరొక "కె" అంకెతో రావచ్చు, 21 ఏళ్ళలోపు అయితే. ఒక స్త్రీకి 19 ఏళ్ళ కొడుకున్నాడనుకుందాం. ఆమె తన దేశంలోనే పెళ్ళి చేసుకొని భార్యగా వెళ్ళదలిస్తే, కొడుకుకు 18 దాటింది కనుక అతడు సవతి బిడ్డ కాడు, ఆ భర్త అర్జీతో రాలేడు. అదే స్త్రీ పెళ్ళి మానుకొని, కాబోయే భార్యగా వెళ్ళి అక్కడ పెళ్ళాడితే కొడుకు వెంట రావచ్చు. పెద్దల ఎదుట పెళ్ళి చేసుకోవటం ఈ చట్టం కంట నేరమై కూర్చున్నది. 18కీ 21కీ మధ్య పడిన పిల్లల విషయంలో అధికారులు దేశంలోకి రానిచ్చి, ఆపైన స్థిరనివాసం నిరాకరించిన సందర్భాలు కూడా వున్నాయి. దరఖాస్తు తమ బల్లమీద వుండగానే 21 నిండిందని తోసివేసినవీ వున్నాయి. 2011లో అప్పీళ్ళ బోర్డు, దేశంలో అడుగుపెట్టిన నాటి వయస్సునే చూడాలని తేల్చింది. నలభై ఏళ్ళు పట్టింది ఈ చిన్న లెక్కకు.

భార్యగానే వచ్చేవారికి మరొక చిక్కు. కొన్ని కోటా తరగతుల్లో తల్లి అర్జీలోనే బిడ్డ కూడా యిమిడిపోతాడు. పౌరుడి భార్య తరగతి కోటాలేని ఉన్నతమైన తరగతి. అందుచేతనే అందులో ఎవరూ యిమడరు. భార్యకొక అర్జీ, సవతి బిడ్డకు మరొక అర్జీ పెట్టాలి. రెండవది పెట్టాలని తెలియక తల్లి కాగితాలు మాత్రమే పంపిన యిళ్ళలో, తల్లికి అనుమతి వచ్చి బిడ్డకు రాదు. అక్కడికి చేరినాక స్థిరనివాసానికి ఇచ్చే ఐ-485 అనే ఫారం కూడా తల్లికొకటి, బిడ్డకొకటి. ఆ దరఖాస్తు నడుస్తుండగా ముందస్తు అనుమతి లేకుండా దేశం దాటితే, సాధారణంగా దరఖాస్తు వదులుకున్నట్టే. కన్నతల్లి చావుబ్రతుకుల్లో వున్నదని కబురు వచ్చినప్పుడు ఈ నిబంధన అంటే ఏమిటో అర్థమవుతుంది. పని అనుమతి కాగితం చేతికి వచ్చేవరకు కూలి చెయ్యరాదు. అంటే ఆమె తిండి, బట్ట, బిడ్డ చదువు భర్త చేతిలో వున్నాయి.

తెలుగు దేశంనుంచి వెళ్ళే కాగితాలకు ఇంకొక అవస్థ అదనం. మన ఇంటిపేరు ముందు వుంటుంది, వాళ్ళ ఫారంలో చివర వుండాలి. బిడ్డది కన్నతండ్రి ఇంటిపేరు, తల్లిది ఇప్పుడు కొత్త భర్త ఇంటిపేరు, ఆమె పదవతరగతి సర్టిఫికెట్టులో పుట్టింటివారి ఇంటిపేరు. ముగ్గురు మనుష్యుల మూడు పేర్లు ఒక కుటుంబమని నిరూపించాలి. జనన నమోదు లేకపోతే, లేదని పంచాయతీ నుంచో పురపాలక సంఘం నుంచో ఒక కాగితం, పుట్టినప్పుడు ఎరిగినవారి ప్రమాణపత్రాలు. విడాకులు కోర్టులోగాక కులపెద్దల ఎదుట జరిగివుంటే ఆమె మొదటి పెళ్ళి రద్దయినట్టు కాగితం ఎక్కడనుంచి తేవాలి? పెద్దమనిషి మాట చెల్లే ఊరినుంచి, కాగితం మాత్రమే చెల్లే ఊరికి పోవటమే వలస అంటే తప్పులేదు.

1986 నవంబరులో వచ్చిన సవరణలతో భర్త సంతకం మళ్ళీ సింహాసనమెక్కింది. పౌరుల పెళ్ళిళ్ళలో దొంగపెళ్ళిళ్ళు పెరిగిపోయాయని వలస శాఖాధికారులు కాంగ్రెసుకు చెప్పారు. నూటికి 30 అన్న అంకె వినిపించింది. ఆ అంకె తేలిన దొంగతనాల లెక్క కాదు, అనుమానాల లెక్క. దాని పద్ధతి శాస్త్రీయమైనది కాదని తర్వాత కోర్టు వాజ్యాల్లో బయటపడింది. అప్పటికే చట్టం పుస్తకంలోకి ఎక్కింది. పెళ్ళయి రెండేళ్ళు నిండని భార్యకూ, ఆమె బిడ్డకూ ఇచ్చే స్థిరనివాసం షరతుతో కూడినదవుతుంది. రెండవ సంవత్సరం ముగిసేముందు 90 రోజుల్లో, భార్యాభర్తలిద్దరూ సంతకాలు చేసిన అర్జీ – దాని అంకె ఐ-751 – పెట్టి, మేము ఇంకా కాపురం చేస్తున్నామని రుజువు చేసుకోవాలి.

రుజువు అంటే ఏమిటి? ఉమ్మడి బ్యాంకు ఖాతా, ఇద్దరి పేర్లున్న అద్దె ఒప్పందం, ఇంటి అప్పు పత్రం, భీమా, పన్ను లెక్క, ఫోటోలు. ఫోటోలు తీసివేస్తే మిగిలినదంతా ఆస్తి. ఆస్తి వున్న జంటకు ప్రేమ తేలికగా రుజువవుతుంది. బంధువుల యింట్లో ఒక గదిలో తలదాచుకొని, జీతం రొక్కంగా తెచ్చుకొనే జంటకు కాపురం వున్నది గాని కాగితం లేదు. పూర్వం స్త్రీ ఆస్తి పెళ్ళితో భర్తదయ్యేది. ఇప్పుడు పెళ్ళి ఆస్తితో రుజువవుతున్నది. రెంటికీ మధ్య వున్న దూరం మనం అనుకున్నంత లేదు.

భర్త సంతకం చెయ్యకపోతే? 1986 చట్టంలో విడాకుల తర్వాత, లేక తీవ్రమైన ఇక్కట్టు వున్నప్పుడు మినహాయింపు అడిగే వీలు వున్నది. కాని కొట్టే భర్త దగ్గర పడివుండేదానికి అది చాలలేదు. నోరెత్తితే సంతకం పెట్టను, నిన్నూ నీ బిడ్డనూ పంపించివేస్తాను అన్న బెదిరింపు కర్రకంటె బలంగా పనిచేసింది. వలస స్త్రీల పక్షాన పనిచేసినవారి ఆందోళనవల్ల 1990లో హింసకు గురైన భార్యకూ బిడ్డకూ ప్రత్యేకమైన మినహాయింపు వచ్చింది. 1994లో స్త్రీలపై హింస నిరోధక చట్టంతో, భర్త అర్జీయే అవసరం లేకుండా ఆమె తానే అర్జీ పెట్టుకొనే హక్కు వచ్చింది. ఈ రెండూ పోరాడి సాధించుకున్నవి, ఎవరూ దయతో ఇచ్చినవి కావు. 1996లో వచ్చిన మరొక నిబంధన మాత్రం తమాషాగా వుంటుంది. వచ్చిన భార్యనూ సవతి బిడ్డనూ పేదరికపు రేఖకు నూటికి 125 పాళ్ళ ఆదాయంతో పోషిస్తానని భర్త ఒప్పందం వ్రాసి ఇవ్వాలి. విడాకులయినా ఆ ఒప్పందం చెల్లుతూనే వుంటుంది. రాజ్యం దృష్టిలో కాపురం కంటె జామీను గట్టిది.

2013లో విండ్సర్ తీర్పు తర్వాత ఒకే లింగానికి చెందిన జంటలకు కూడా ఈ కాగితాల హక్కూ, ఈ కాగితాల బాధా రెండూ సమానంగా దక్కాయి.

ఇన్ని మార్పుల తర్వాత ఎలెన్ నాఫ్ తీర్పు పాతబడిపోయి వుంటుందని అనుకోవచ్చు. 2024 జూన్‌లో సుప్రీంకోర్టు మున్యోజ్ వాజ్యంలో తీర్పు చెప్పింది. సాండ్రా మున్యోజ్ అమెరికా పౌరురాలు. ఆమె భర్త ఎల్ సాల్వడోర్ దేశస్థుడు. వీసా కోసం స్వదేశం వెళ్ళితే కాన్సలు నిరాకరించాడు, కారణం ఏళ్ళతరబడి చెప్పలేదు. పరదేశి అయిన జీవితభాగస్వామిని దేశంలోకి తెచ్చుకోవటం పౌరుడికి రాజ్యాంగపు మూలహక్కు కాదని అయిదుగురు న్యాయమూర్తులు అన్నారు. వారు ఆధారంగా ఎత్తిచూపిన పాత తీర్పుల్లో నాఫ్ తీర్పు వున్నది. 1950లో ఒక యుద్ధవధువును ఎల్లిస్ ద్వీపంలో ఆపిన వాదం, 74 ఏళ్ళ తర్వాత మరొక యింటి తలుపు మూయటానికి పనికివచ్చింది.

సవతి బిడ్డ కథకు చివరి మలుపు పౌరసత్వం దగ్గర వస్తుంది. 1952 చట్టం "బిడ్డ" అన్న మాటకు ఒక నిర్వచనం కాదు, రెండు నిర్వచనాలు ఇచ్చింది. మొదటిది ప్రవేశానికి, అందులో సవతి బిడ్డ వున్నాడు. రెండవది పౌరసత్వానికి; అందులో సవతి బిడ్డ లేడు. పౌరుడైన తండ్రి లేక తల్లి దగ్గర వుండే 18 ఏళ్ళలోపు స్థిరనివాసి బిడ్డకు తనంతట తానే పౌరసత్వం వచ్చేటట్టు 2000లో చట్టం చేసినప్పుడు కూడా ఈ తేడాను అలాగే వుంచారు. సవతి తండ్రి అర్జీమీద వచ్చి, అతని యింట్లో పెరిగి, అతని పేరు పెట్టుకొని బడికి వెళ్ళిన బిడ్డ, అతనివల్ల పౌరుడు కాడు. అతడు దత్తత తీసుకోవాలి. ఆ దత్తత సాధారణంగా బిడ్డకు 16 నిండకముందే జరిగి వుండాలి, రెండేళ్ళు అతని సంరక్షణలో వుండాలి. లేదా తల్లి తన కాగితాలన్నీ ముగించుకొని, పరీక్ష ప్యాసై, ప్రమాణం చేసి పౌరురాలు కావాలి. బిడ్డకు 18 నిండకముందే ఆమె ప్రమాణం చేస్తే, ఆమెతోపాటు ఆ రోజునే బిడ్డ కూడా పౌరుడవుతాడు. పుట్టినరోజు ముందుగా వస్తే, అతడు వేరుగా దరఖాస్తు వ్రాసుకోవాలి.